బిస్కెట్ డబ్బాలో రైలు

నా చిన్నప్పుడు ప్యాసింజరు బండికి మా ఊరే ఆఖరి స్టేషను. డోర్నకల్‌లో బయలుదేరి, కారేపల్లి దాటి, అడవిని ఆనుకుంటూ వచ్చి కొత్తగూడెంలో ఆగిపోయేది. బోర్డు మీద మాత్రం భద్రాచలం రోడ్ అని రాసి ఉండేది. రాముడి దర్శనానికి పోయేవాళ్లు అక్కడ దిగి బస్సెక్కేవారు. ఆఖరి స్టేషను కాబట్టి బండిలో ఉన్న ప్రతి మనిషీ దిగాల్సిందే. ఎనిమిదేళ్ల పిల్లనైన నాకు ఆ సంగతి పెద్ద ధైర్యంగా ఉండేది. మనం ఎదురుచూసే మనిషి ఆ బండిలో ఉంటే దిగకుండా ముందుకు వెళ్లిపోయే వీలు లేదు కదా.

నేను ఎదురుచూసింది మా అమ్మ కోసం.

మా నాయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మేం క్వార్టర్లలో ఉండేవాళ్లం. అన్నీ ఒకే తీరుగా ఉన్న రెండేసి గదుల ఇళ్లు, వరుసకు ఒక నల్లా. నాకు తోబుట్టువులు లేరు. అమ్మకు కడుపులో గడ్డ ఉందని, హైదరాబాద్ పెద్ద దవాఖానాకు తీసుకుపోవాలని ఇక్కడి డాక్టరు చెప్పినప్పుడు వానాకాలం మొదలవుతోంది. వెళ్లే రోజు పొద్దున అమ్మ నన్ను గడపలో కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసింది. ఎప్పటికన్నా గట్టిగా బిగించింది. నొప్పి పుడుతోందంటే, "నేనొచ్చే దాక ఊడొద్దు గద" అని నవ్వింది. పసుపు అంచున్న ఆకుపచ్చ చీర కట్టుకుని, నాయన చెయ్యి పట్టుకుని బండెక్కింది. కిటికీ చువ్వల మధ్య నుంచి చెయ్యి బయటపెట్టి, బండి మలుపు తిరిగే దాకా ఊపుతూనే ఉంది.

నాకు తోడుగా బూర్గంపాడు దగ్గరి ఊరి నుంచి మా నాయనమ్మ వచ్చింది. అమ్మ వేసిన జడలను చాలా రోజులు నేను ఎవరినీ ముట్టనివ్వలేదు. చివరికి తలంతా చిక్కుపడి దురద పెడుతుంటే, నేను నిద్రపోయినప్పుడు నాయనమ్మే విప్పి నూనె రాసింది. లేచి చూసుకుని గోల చేశాను.

జొన్న కంకులు గింజ పట్టే రోజుల్లో నాయన తిరిగొచ్చాడు. ఒక్కడే వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. అమ్మ తీసుకుపోయిన రేకు పెట్టె అతని చేతిలో ఉంది. నేను ఎదురెళ్లి అమ్మ ఏదని అడిగితే, నాయన నా వైపు చూడకుండా పెట్టెను మంచం కిందకు తోశాడు. జవాబు నాయనమ్మ చెప్పింది.

"మీ అమ్మకు ఇంక పూర్తిగ నయం కాలేదు బిడ్డా. డాక్టర్లు ఉంచుకున్నరు. నయం కాంగనె రైలెక్కి వస్తది."

మా వరుసలో ఉన్న వాళ్లందరూ అదే మాట చెప్పారు. నల్లా దగ్గర మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు నేను బిందె పట్టుకుని వెళ్తే మాట ఆపేసేవారు. నా బిందెను ముందు నింపి పంపేవారు. పక్కింటి అక్క రోజూ ఏదో ఒకటి తినడానికి తెచ్చిచ్చేది. బళ్లో పంతులమ్మ నా లెక్కలు తప్పినా ఏమీ అనేది కాదు. అందరూ అంత మెత్తగా ఎందుకు ఉన్నారో నాకు తెలియలేదు. ఎక్కడో ఏదో సరిగ్గా లేదని మాత్రం ఒంటికి తెలిసేది. ఇంట్లో నాయన మాట్లాడటం మానేశాడు. షిఫ్టు దిగి రాగానే దొడ్లోకి పోయి చాలాసేపు మొహం కడుక్కునేవాడు. బొగ్గు మసి వదలడం లేదేమో అనుకునేదాన్ని.

బడి విడవగానే స్టేషనుకు వెళ్లేదాన్ని. సాయంత్రం బండి వచ్చి ఆగేది. మూటలు, మేకపిల్లలు, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు, గుండు చేయించుకున్న భక్తులు, అందరూ దిగేవారు. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక నేను ఒక్కో బోగీ కిటికీలోంచి తొంగిచూస్తూ ఇంజను దాకా నడిచేదాన్ని. అమ్మకు నీరసంగా ఉండి, దిగే ఓపిక లేక లోపలే పడుకుని ఉందేమోనని నా అనుమానం.

ఒక సాయంత్రం అలా చూస్తూ చూస్తూ బండెక్కి కూర్చున్నాను. ఆ బండి మళ్లీ డోర్నకల్ పోతుంది, అక్కడ హైదరాబాద్ బండ్లు దొరుకుతాయి అని నాయన ఎవరితోనో చెప్పగా విన్నాను. అమ్మ రాలేకపోతే నేనే పోతాను అనుకున్నాను. బండి కదిలింది. అడ్డాకులు అమ్ముకుని తిరిగి పోతున్న ఒక కోయ అవ్వ నా పక్కన కూర్చుని ఉంది. ఎవరితో వచ్చావని అడిగింది. నేను జవాబు చెప్పకపోయేసరికి నా చెయ్యి పట్టుకుని, తర్వాతి స్టేషనులో తనూ దిగి, నన్ను స్టేషను మాస్టరుకు అప్పగించి వెళ్లింది. ఆయన పంపిన కబురు అంది నాయన వచ్చేసరికి చీకటి పడుతోంది. తిడతాడని భయపడ్డాను. నాయన తిట్టలేదు, కొట్టలేదు. నన్ను ఎత్తుకున్నాడు. ఎత్తుకునే వయసు దాటి అప్పటికే చాలా కాలమైంది. ఇంటికి చేరే దాకా కింద దించలేదు.

మర్నాడు నాయనమ్మ స్టేషను రోడ్డులోని గడియారాల చాచా దగ్గరికి వెళ్లింది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పిల్ల పట్టాల మీదికి పోకుండా ఎట్లయినా చూడమని ఆయనను బతిమాలిందట.

చాచాది చెక్కలతో కట్టిన చిన్న డబ్బా కొట్టు. ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, పక్కన ఇంకో పిల్ల కూర్చునే చోటు మాత్రమే ఉండేది. గోడ నిండా గడియారాలు. ఒక్కోటి ఒక్కో టైము చూపించేది. చాచా వాళ్లు తాతల నాటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్నారు, మాలాగే మాట్లాడేవారు. షిఫ్టులకు పోయేవాళ్ల చేతి గడియారాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆ సాయంత్రం నేను కొట్టు ముందు నుంచి స్టేషనుకు పరుగెత్తుతుంటే పిలిచాడు.

"బిడ్డా, బండి రానీకి ఇంక టైముంది. ఈడ నా దగ్గర గూడ ఒక టేషనుంది, చూస్తవా?"

ఆయన చూపించింది ఒక పాత బిస్కెట్ డబ్బా. నాలుగు పలకలుగా, అన్నం కంచం కన్నా కొంచెం చిన్నగా ఉంది. లోపల అట్ట పరిచి, దాని మీద రాగి తీగతో గుండ్రంగా రెండు గీతలు అతికించి ఉన్నాయి. అగ్గిపుల్లలను చిన్న చిన్న ముక్కలుగా కోసి ఆ తీగల కింద వరుసగా పేర్చుతున్నాడు. అవి పట్టాలని నాకు వెంటనే అర్థమైంది. ఇంత చిన్న జాగాలో రైలు ఎట్లా పడుతుందని అడిగాను.

"జాగ ఎంతుంటే రైలంత చేసుకోవాలె. పెద్ద జాగ కోసం చూస్తే ఎన్నటికి కాదు" అన్నాడు.

కంటికి బిగించుకునే చిన్న భూతద్దాన్ని తీసి నా కంటికి పెట్టాడు. అగ్గిపుల్ల ముక్కలు ఒక్కసారిగా దూలాల్లా కనిపించాయి. ఆ రోజు స్టేషనులో బండి వచ్చిపోయిన సంగతి కూడా నాకు తెలియలేదు.

అప్పటి నుంచి రోజూ బడి విడవగానే చాచా కొట్టుకే వెళ్లేదాన్ని. గిరాకీ లేని వేళల్లో ఇద్దరం కలిసి పని చేసేవాళ్లం. పాడైపోయిన చేతి గడియారాల పళ్లచక్రాలు ఇంజనుకు చక్రాలయ్యాయి. గడియారం పట్టీ రేకును కత్తిరించి బోగీలు చేశాడు. ఒక్కో బోగీ నా చిటికెన వేలి గోరంత ఉండేది. బొగ్గు వ్యాగన్లలో నిజం బొగ్గే వేయాలని నేను పట్టుబట్టి, ఇంటి నుంచి పొయ్యి బొగ్గు పొడి తెచ్చాను. ఆయన నవ్వి, అది కర్రబొగ్గని చెప్పి, రోడ్డు మీద లారీలోంచి రాలిన గని బొగ్గు పలుకును ఏరుకొచ్చాడు. ఎండిన నాచుతో అడవి చేశాం. టేకు ఆకును నలిపి ఆ పొడితో నేల చేశాం. కిన్నెరసాని వాగు కోసం వెండిరంగు సిగరెట్ కాగితాన్ని పరిచి, దాని మీద పిన్నీసు తీగలతో వంతెన కట్టాం. పసుపు రంగు పూసిన బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఒక్క వెంట్రుకతో రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టాడు. నేను కూడా బిగబట్టాను.

రైలు నడిచే కిటుకు డబ్బా అడుగున ఉంది. పాత అలారం గడియారం లోపలి యంత్రాన్ని, ముల్లు జోరుగా తిరిగేలా మార్చి, అట్ట కింద బిగించి, దాని ముల్లుకు రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ముక్కను కట్టాడు. ఇంజనుకు అడుగున ఇనుప రేకు ఉంది. కీ ఇస్తే కింద అయస్కాంతం తిరిగేది, పైన రైలు దాని వెంటే పోయేది. మొదటిసారి అది కదిలినప్పుడు నేను చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అడవిలోకి పోయింది, వంతెన దాటింది, స్టేషనుకు వచ్చింది. కానీ ఆగలేదు. అలాగే తిరుగుతూ పోయింది.

"చాచా, మన ఊర్ల బండి ఆగుతది గద. ఆగకపోతే మనుషులెట్ల దిగుతరు?" అని అడిగాను.

ఆయన రెండు రోజులు ఆ యంత్రంతో కుస్తీ పట్టాడు. చివరికి డబ్బా పక్కన చిన్న తీగ ఒకటి అమర్చాడు. దాన్ని లాగితే బండి సరిగ్గా ప్లాట్‌ఫారం ముందు ఆగేది. వదిలితే కదిలేది. నేను అడిగాను కాబట్టి చేశాడు. దాని వెనకాల ఏం వస్తుందో ఆయన అనుకుని ఉండడు.

బండి ఆగడం మొదలయ్యాక నాకు మనుషులు కావాల్సి వచ్చారు. అగ్గిపుల్ల మొన మీద మైనం చుక్క పెట్టి, రంగు దారం చుట్టి చాచా మనుషులను చేసిచ్చేవాడు. ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకున్న గార్డు వచ్చాడు. టీ అమ్మే మనిషి వచ్చాడు. చేతిసంచితో నాయనమ్మ, తలకు దీపం కట్టుకున్న నాయన, రెండు జడలతో నేను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. మాకు ఎదురుగా బోగీ తలుపు పక్కన చిన్న ఖాళీ జాగా ఉంచమని చెప్పాను. అక్కడ ఎవరో చాచా అడగలేదు. నేనే చెప్పాను.

"మా అమ్మను చెయ్యి చాచా. ఆకుపచ్చ చీరె. బండి దిగుతున్నట్టు."

ఆయన అగ్గిపుల్ల చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు చూసి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. రేపు చేద్దామన్నాడు. మర్నాడు మైనం అయిపోయిందన్నాడు. ఆ తర్వాత గిరాకీ ఎక్కువుందన్నాడు. నేను విడవకుండా అడిగితే, చివరికి ఆకుపచ్చ దారం దొరకలేదు బిడ్డా అన్నాడు. ఏదడిగినా ఒక్క పూటలో చేసిచ్చే మనిషి ఈ ఒక్కటి ఎందుకు చెయ్యడో నాకు అర్థం కాలేదు.

దారమే కదా, నేనే తెస్తాననుకున్నాను. మర్నాడు ఆదివారం. నాయనమ్మ నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది. అమ్మ పాత చీరల్లో ఏదో ఒక ఆకుపచ్చ పోగు దొరక్కపోతుందా అని మంచం కింది రేకు పెట్టెను బయటికి లాగి తెరిచాను. అన్నిటికన్నా పైన, మడత పెట్టి, అమ్మ కట్టుకుని వెళ్లిన ఆ చీరే ఉంది. పసుపు అంచుతో సహా. దాని కొంగు చివర ముడి వేసి ఉంది. విప్పి చూస్తే అమ్మ మెట్టెలు.

నాకు భయం వేయలేదు. ఏడుపూ రాలేదు. అమ్మ మెట్టెలు తీసేసి ఎందుకు పంపింది, చీర లేకుండా దవాఖానాలో ఏం కట్టుకుంటోంది, ఇలాంటివే ఆలోచించాను. కొంగు చివరి నుంచి ఒక పోగు లాగి, ముడి మళ్లీ వేసి, పెట్టె మూసి చాచా కొట్టుకు పోయాను.

"దారం తెచ్చిన చాచా. అమ్మ చీరెదే. చీరె ఇంట్లనే ఉంది, మెట్టెలు గూడ ఉన్నయి. మరి వచ్చేటప్పుడు ఏం కట్టుకొని వస్తది?"

చాచా కంటికి ఉన్న భూతద్దం తీసి కింద పెట్టాడు. నా చేతిలోని పోగును తీసుకుని తన వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. గడియారం కోసం వచ్చిన మనిషి ఒకాయన కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. రేపు రమ్మని ఆయనతో చెప్పి, చాచా పట్టపగలు కొట్టు మూసేశాడు. ఆయన ఆ వేళకు కొట్టు మూయడం నేను అంతకుముందు చూడలేదు. నా చెయ్యి పట్టుకుని మా క్వార్టరు వైపు నడిచాడు.

నాయన గడపలో కూర్చుని టీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. చాచా కూర్చోమని సైగ చేసి, తనూ పక్కనే నేల మీద కూర్చున్నాడు. వేలికి చుట్టుకున్న పోగును విప్పి నాయన చేతిలో పెట్టాడు.

"తమ్మీ, నీ బిడ్డ ఏదడిగినా చేసిచ్చిన. ఇయ్యాల అడిగింది నాతోని కాదు. ఇన్ని దినాలు ఆ డబ్బాల నేను చేసింది గూడ అబద్ధమే. నోటితోని చెప్పలే, చేతుల్తోని చెప్పిన. ఇంక చెప్పలేను. నువ్వే చెప్పు."

నాయనమ్మ నల్లా దగ్గరి నుంచి తడి చేతులతోనే వచ్చింది.

"ఏం మాట్లాడుతున్నవ్ సాయిబూ? పసిపిల్ల అది. తట్టుకుంటదా?"

"పిల్ల ఇప్పటికే మోస్తుందమ్మా" అన్నాడు చాచా. "ఎవరు తోడు లేక ఒక్కతే మోస్తుంది."

నాయన ఆ పోగును చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను దగ్గరికి తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"అమ్మ రాదు బిడ్డా. అమ్మ చనిపోయింది. ఆపరేషను చేసినంక లేవలేదు. ఆడనే కాలవెట్టి వచ్చిన. నీకు చెప్ప చాతగాలేదు."

ఆ మాట విన్నాక నేను ఏడవలేదు. ప్రశ్నలు అడిగాను. ఎవరెవరు ఉన్నారు? వాన పడుతోందా? అమ్మకు చలి వేసిందా? నాయన ఒక్కోదానికి జవాబు చెప్పాడు. చివరికి, అమ్మ నన్ను అడిగిందా అన్నాను. నాయన చాచా వైపు చూశాడు. చాచా తల వంచుకుని ఉన్నాడు, సాయం చేయలేదు.

"ఆఖర్ల మాట లేదు బిడ్డా" అన్నాడు నాయన. "అంతకుముందు అడిగింది. పిల్లకు జడలు ఎవరేస్తున్నరు అని అడిగింది."

అప్పుడు ఏడ్చాను. నాతోపాటు నాయన కూడా ఏడ్చాడు. పెద్ద గొంతుతో, సిగ్గు లేకుండా ఏడ్చాడు. నాయనమ్మ గోడకు జారగిలబడి కోడలి పేరు పెట్టి పిలిచి పిలిచి ఏడ్చింది. ఆ ఏడుపు విని మా వరుసలోని ఆడవాళ్లంతా వచ్చారు. అన్ని రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదని నాకు అప్పుడు తెలిసింది. నా కోసం అందరూ నోరు కట్టేసుకున్నారు. నాయన తన పెళ్లాం కోసం దొడ్లో, నీళ్ల చప్పుడు చాటున ఏడ్చుకున్నాడు. గోడకు అమ్మ ఫోటో పెట్టలేదు. పెట్టి దండ వేస్తే నాకు తెలిసిపోతుంది కదా.

ఆ రోజు గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు ముందు గుర్తొచ్చేది చాచా వెళ్లిపోకపోవడం. చెప్పించడానికి వచ్చిన పని అయిపోయింది. మేం ఏడుస్తున్నాం, అది మా ఇంటి ఏడుపు. ఆయన లేచి పోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆయన గడప పక్కన మోకాళ్లు ముడుచుకుని అలాగే కూర్చున్నాడు. ఎవరినీ ఓదార్చలేదు. నేను మధ్యలో ఆయన దగ్గరికి పోయి, "నిజంగనే రాదా?" అని అడిగాను. "రాదు బిడ్డా" అన్నాడు. కాసేపటికి మళ్లీ పోయి అదే అడిగాను. విసుక్కోకుండా అంతే మెల్లగా మళ్లీ "రాదు" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఆయన మాట మారలేదు. దీపాలు పెట్టే వేళకు పక్కింటి అక్క మాకు అన్నం కలిపి తినిపించాక లేచి వెళ్లాడు. మర్నాడు సాయంత్రం కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ మర్నాడు కూడా.

నాయన అమ్మ ఫోటోను గోడకు పెట్టాడు. ఆ వారం నుంచి పొద్దున్నే నన్ను గడపలో కూర్చోబెట్టుకుని జడలు వేయడం మొదలుపెట్టాడు. బొగ్గు పెళ్లలు ఎత్తే వేళ్లు. మొదట్లో పాయలు సరిగ్గా పడేవి కావు. ఒక జడ పైకి, ఒక జడ కిందికి ఉండేది. బళ్లో పిల్లలు నవ్వేవారు. నాయనమ్మ వేస్తానన్నా వెయ్యనిచ్చేవాడు కాదు. నేను పదో తరగతికి వచ్చే దాకా నాకు జడలు వేసింది మా నాయనే.

చాచా కొట్టుకు కొన్నాళ్లు పోలేదు. పోయిన రోజు ఆయన డబ్బా బయటికి తీయలేదు, నేనే అడిగి తీయించాను. ఆ ఖాళీ జాగా అలాగే ఉంది. ఏం చేద్దామని అడిగాడు. బండి ఆపే తీగను తీసెయ్యమన్నాను. తీసేశాడు. కీ ఇస్తే బండి ఆగకుండా అడవిలోకి, వంతెన మీదికి, మళ్లీ అడవిలోకి పోయింది. ఇద్దరం కీ అయిపోయే దాకా చూశాం. ఆ తర్వాత ఆ డబ్బాలో మేం కొత్తగా ఏమీ చేయలేదు. తర్వాతి ఏడు నాయనకు ఇల్లెందు గనికి బదిలీ అయింది. నేను ఇంటర్లో ఉండగా చాచా పోయాడని ఎవరో చెప్పారు. అప్పటికి ఆయన పోయి నెలలు దాటాయి. రోడ్డు వెడల్పులో కొట్టు కూడా పోయింది. ఆ డబ్బా ఏమైందో ఎవరికీ తెలియదు. ఆయన మట్టికి వెళ్లలేకపోయాననే బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నేనిప్పుడు పాల్వంచలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అల్లుడు షిఫ్టు డ్యూటీలు చేస్తాడు. కిందటేడు మా ఆయన జబ్బుచేసి ఖమ్మం దవాఖానాలో పోయారు. అప్పుడు మనవడికి అయిదేళ్లు. తాతతో తప్ప అన్నం తినని పిల్లవాడు. ఆయన పోయిన ఆ నాలుగు రోజులూ వాడిని పక్కవాళ్ల ఇంట్లో ఉంచారు. తాత ఊరికి పోయిండని మా అమ్మాయి వాడికి చెప్పింది. కార్యక్రమాలన్నీ అయ్యాక కూడా అదే చెప్పింది. వీధి చివర బస్సు ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, వాడు గేటు దగ్గరికి పరుగెత్తేవాడు. దిగినవాళ్లందరినీ చూసి వెనక్కి వచ్చేవాడు. రెండు మూడు రోజులు చూశాను. నాలో ఓపిక లేదు, నా దుఃఖమే నాకు మోయలేనంత ఉంది. అయినా ఒక పొద్దున వాడిని వరండాలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"తాత ఊరికి పోలేదురా. తాత చనిపోయిండు. ఇంక రాడు."

"రేపు?"

"రేపు గూడ రాడు."

లోపలి నుంచి మా అమ్మాయి "చిన్నపిల్లగానికి గవన్ని ఎందుకమ్మా" అంటూ వచ్చి, వాడి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత మా పక్కన చతికిలబడి, తండ్రి పోయిన నాటి నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. వాడు ఏడవలేదు. లేచిపోయి కాసేపు ఆడుకున్నాడు. ఆడుతూ ఆడుతూ మధ్యలో వచ్చి నా మోకాలు పట్టుకుని, "తాత నిజంగ రాడా?" అని అడిగాడు. రాడు నాన్నా అన్నాను. మళ్లీ వెళ్లాడు. ఎండ వరండాలోకి వచ్చింది, పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. నాలుగుసార్లు లేవాలనిపించింది, లేవలేదు. వాడు మళ్లీ వస్తాడు, మళ్లీ అదే అడుగుతాడు, అడగడానికి వచ్చినప్పుడు నేను అక్కడ లేకపోతే ఎట్లా?

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను.